చూడి పందికి మూలికలు, ఆకులు: అపోహలు – వాస్తవాలు

"డాక్టర్ గారూ, ఈనిన పందికి పాలు రావడం లేదు, శతావరి పొడి రాయండి." పందుల షెడ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. పొడి రాసే ముందు నేను దాణా తొట్టి, నీళ్ల తొట్టి చూస్తాను. చాలాసార్లు జబ్బు అక్కడే కనిపిస్తుంది.

అపోహ: శతావరి, మెంతులు పెడితే పాలు వాటంతటవే పెరుగుతాయి.

శతావరి మీద జరిగిన పని ఎక్కువగా ఆవులు, గేదెల్లోనే. పందుల్లో ఆధారాలు తక్కువ. మూలిక మంచిదే అనుకున్నా, పాలు తయారయ్యేది దాణాతో, నీళ్లతో. చూడితో ఉన్నప్పుడు పందికి రోజుకు 2 నుంచి 2.5 కిలోలు చాలు. ఈనాక లెక్క మారుతుంది: తల్లికి 2 కిలోలు, పాలు తాగే ఒక్కో పిల్లకు మరో అర కిలో. పది పిల్లలుంటే 7 కిలోలు. ఒక్కసారిగా కాకుండా వారం రోజుల్లో మెల్లగా అంత వరకు పెంచాలి. నీళ్లు రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. మన వాళ్లు చాలామంది ఈనాక కూడా పాత కొలతే పోస్తారు. అప్పుడు తల్లి తన ఒంట్లోని కొవ్వు, కండ కరిగించి పాలిస్తుంది, చిక్కిపోతుంది, మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఎండాకాలంలో మేత ఇంకా తగ్గిస్తుంది కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక తడిపిన దాణా పెట్టండి.

ఈనిన రెండు మూడు రోజుల్లోపు జ్వరం వచ్చి, పొదుగు గట్టిపడి, పిల్లలను దగ్గరికి రానివ్వకపోతే అది మూలికతో తగ్గే విషయం కాదు. ఆ రోజే వైద్యుణ్ణి పిలవండి. పసి పిల్లలు పాలు లేకుండా ఒక్క రోజుకే నీరసించిపోతాయి.

అపోహ: తల్లికి మునగాకు పెడితే పిల్లలకు ఐరన్ ఇంజెక్షన్ అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే నమ్మకం ఇదే. మునగాకులో ఐరన్ ఉంది, నిజమే. తల్లి తిన్న ఐరన్ పాలలోకి పెద్దగా దిగదు. పిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల నిల్వతో పుడుతుంది. రోజుకు 7 మిల్లీగ్రాముల దాకా కావాలి, పాల నుంచి వచ్చేది ఒక్క మిల్లీగ్రామే. ఊళ్లో తిరిగే పందుల పిల్లలు మట్టి తవ్వుకుని ఆ లోటు తీర్చుకుంటాయి. సిమెంటు గచ్చు మీద పెరిగే పిల్లకు మట్టి ఎక్కడిది? మూడో రోజున 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వేయించాల్సిందే.

అపోహ: ఆకే కదా, ఎంత పెట్టినా ఏం కాదు.

మేకలు ఇష్టంగా తినే సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. నెమరు వేసే జంతువుల పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరగ్గొడతాయి. పందికి అలాంటి పొట్ట లేదు. ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి, ఈతలు దెబ్బతింటాయి. పత్తి గింజల చెక్కలో గాసిపాల్, ఆముదం చెక్కలో రైసిన్ అనే విషపదార్థాలు ఉంటాయి. చూడి పందికి ఈ రెండూ వద్దు. బూజు పట్టిన మొక్కజొన్న మరీ ప్రమాదం. అందులోని ఒక బూజు విషం ఆడ హార్మోన్‌లా పనిచేసి మానం వాచేలా చేస్తుంది, ఎద క్రమం తప్పేలా చేస్తుంది. నులిపురుగులకని వేపనూనె తాగించే వాళ్లనూ చూశాను. ప్రయోగశాల జంతువుల్లో అది చూడిని దెబ్బతీసింది. చూడి పందికి ఇవ్వకండి.

అపోహ: పీచు దండగ.

ఈనే ముందు వారంలో మలబద్ధకం వస్తే ఈత ఆలస్యమై, చివర్లో పుట్టే పిల్లలు ఊపిరాడక చనిపోతాయి. పీచున్న గోధుమ తవుడు కొంచెం కలిపితే ఎంతో తేడా ఉంటుంది. ఊక కలిసిన బియ్యం తవుడు మాత్రం ఆ పనికి రాదు.

అపోహ: మూలికల నూనెలు యాంటీబయాటిక్స్‌కు బదులు.

పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరప్ 2006లో నిషేధించాక ఒరెగానో, థైమ్ అనే విదేశీ మూలికల నూనెల వాడకం పెరిగింది. కొన్ని ప్రయోగాల్లో తల్లులు మేత బాగా తిన్నాయి, మరికొన్నిట్లో తేడా లేదు. ముదిరిన ఇన్ఫెక్షన్‌కు అవి మందు కాదు.

ఏ కొత్త పొడి అయినా ఈనే వారంలో మొదలుపెట్టకండి. వాసన నచ్చక పంది తొట్టి వదిలేస్తే ఆ నష్టం పూడ్చుకునే టైం ఉండదు. నెల ముందే కొద్దిగా కలిపి అలవాటు చేయండి.