పురుగుమందుల విషపరీక్షలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డబ్బా మీద ఎరుపు గుర్తుంటేనే ప్రమాదం. పసుపైతే పర్వాలేదు, ఆకుపచ్చయితే భయమే లేదు.

వాస్తవం: ఆ రంగు ప్రధానంగా ఒకే ప్రశ్నకు జవాబు. ఒక్కసారి నోటి ద్వారా ఇస్తే ఎంత మోతాదుకు సగం ఎలుకలు చనిపోతాయి? కిలో బరువుకు 50 మి.గ్రా. లోపైతే ఎరుపు, 51-500 పసుపు, 501-5000 నీలం, అది దాటితే ఆకుపచ్చ. సగం ఎలుకలను చంపే ఆ మోతాదునే ఎల్‌డీ50 అంటాం. పారాక్వాట్ కలుపుమందు ఎల్‌డీ50 ఎలుకల్లో వంద పైమాటే, అందుకే పసుపులో పడింది. మనిషిలో కథ వేరు. ఊపిరితిత్తుల కణాలు దాన్ని తమకు అలవాటైన పాలీఅమీన్ అనే సహజ పదార్థంలాగే లోపలికి లాక్కుంటాయి. మొదట్లో బాగానే కనిపించిన మనిషికి రోజులు, వారాలు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. విరుగుడు లేదు. ఎలుకల లెక్క తప్పలేదు, ఆ లెక్కతో మనిషి భద్రత తేల్చేద్దామనుకోవడమే తప్పు. పిచికారీ చేసే కూలీకి రోజూ కొద్దికొద్దిగా తగిలే మందు సంగతి తేల్చేవి 90 రోజుల, రెండేళ్ల పరీక్షలు. వాటి ఫలితం ఆ రంగులో కనిపించదు.

అపోహ: జంతువులను తగ్గిస్తే పరీక్ష నాణ్యత పడిపోతుంది.

వాస్తవం: పరీక్షల మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ, ఎక్కువ జంతువులు వాడే తన పాత 401 పద్ధతిని 2002లోనే తీసేసింది. ఇప్పుడు 420, 423, 425 ఉన్నాయి. 423లో ఒక్కో మోతాదు మెట్టుకు మూడే ఎలుకలు, మామూలుగా ఆడవి. మొదటి మోతాదు కిలో బరువుకు 5, 50, 300, 2000 మి.గ్రా.లలో ఒకటి. మూడింట్లో రెండో మూడో చనిపోతే కింది మెట్టుకు దిగాలి. ఒకటి చనిపోయినా, ఏదీ చనిపోకపోయినా అదే మోతాదు ఇంకో మూడింటికి ఇచ్చి చూడాలి. మందు ఏ విష వర్గమో తేల్చడానికి కచ్చితమైన అంకె అక్కర్లేదు, ఏ మెట్ల మధ్య పడుతుందో తెలిస్తే చాలు. తేడా కొట్టేది తొందరలో: ముందు మెట్టు ఎలుకలు బతుకుతాయని నమ్మకం కుదరకముందే పై మోతాదుకు వెళ్తే, నిదానంగా చంపే మందు తక్కువ విషంగా నమోదవుతుంది. 14 రోజుల పరిశీలన పెట్టింది అందుకే.

అపోహ: విషమంతా అసలు మందులోనే, మిగతాది ఉత్త ద్రావకం.

వాస్తవం: డైమెథోయేట్ అనే పురుగుమందును ద్రావకంలో కరిగించి అమ్మే 40 ఈసీ రూపాన్ని చిన్నజాతి పందుల్లో పరీక్షించి 2012లో ప్రచురించిన ఫలితం చూడండి. అసలు మందు ఒక్కటే ఇచ్చినప్పుడు ఈసీ అంత తీవ్రత రాలేదు. అందులోని సైక్లోహెక్సనోన్ అనే ద్రావకానికీ వాటా ఉంది. అమ్మే మందు విషాన్ని అంచనా వేయడానికి అసలు మందు ఎల్‌డీ50ని వందతో గుణించి మందు శాతంతో భాగించే అడ్డదారి లెక్క ఇలాంటి చోటే దెబ్బతింటుంది.

అపోహ: కంటి పరీక్షకు కుందేలు తప్పదు.

వాస్తవం: కబేళా నుంచి తెచ్చిన పశువుల కన్నుతో ఓఈసీడీ 437 చేస్తాం. కంటిపొర ఎంత దెబ్బతిందో చూపే స్కోరు 55 దాటితే తీవ్ర హాని, 3 లోపైతే వర్గీకరణే అక్కర్లేదు. మధ్యలో పడినవాటిని మాత్రం ఈ ఒక్క పరీక్షతో తేల్చలేం.

అపోహ: 48 గంటలు బతికితే తేనెటీగలకు హాని లేనట్టే.

వాస్తవం: ఓఈసీడీ 213లో పదేసి ఈగలకు ఒక పంజరం, మోతాదుకు మూడు పంజరాలు, కనీసం ఐదు మోతాదులు. రెండు గంటల దాకా ఆకలితో ఉంచి, పంజరానికి 100-200 మైక్రోలీటర్ల 50 శాతం పంచదార పాకంలో మందు కలిపి పెడతారు. ఈగలు పాకాన్ని ఒకదానికొకటి పంచుకుంటాయి, కాబట్టి ఒక్కో ఈగ మోతాదు సగటు లెక్కే. వాసన నచ్చక తాగకుండా వదిలేస్తే ఆరు గంటలకు తీసేసి, మిగిలింది తూచి, నిజంగా ఎంత తాగాయో లెక్కగట్టాలి. పెట్టిందంతా తాగినట్టు రాస్తే విషం తక్కువగా కనిపిస్తుంది. 24 నుంచి 48 గంటల మధ్య చావులు పెరుగుతుంటే 96 దాకా పొడిగించాలి. రోజూ కొంచెం కొంచెంగా తింటే ఏమవుతుందో పది రోజుల 245 పరీక్ష చెబుతుంది. బతికే ఉండి గూటి దారి మరిచిపోయే ఈగలు వీటిలో దేనికీ చిక్కవు. వాటి కోసం వీపున చిప్ అంటించి వదిలి, ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టే పద్ధతి తెచ్చారు.

213 నివేదిక చేతికొస్తే ముందు రెండు అంకెలు వెతకండి. మందు పెట్టని పంజరాల్లో చావులు 10 శాతం మించకూడదు. పోలికకు వాడే డైమెథోయేట్ ఎల్‌డీ50 ఈగకు 0.10-0.35 మైక్రోగ్రాముల మధ్య రావాలి. రాకపోతే తేడా ఈగలదో, పాకానిదో, చేసిన చేతిదో. పరీక్ష మళ్లీ చేయాల్సిందే.