తేనె లేని పువ్వుకు తోడు

కివీ పందిరి కింద ఏ పూలమొక్కలు వేస్తే తేనెటీగలు బాగా వస్తాయని ఒక పాఠకుడి ప్రశ్న. ఈగలు వస్తాయి. వచ్చి ఆ పూలమీదే వాలతాయి, చిక్కంతా అక్కడే.

కివీ పువ్వులో మకరందం చుక్క కూడా ఉండదు, ఉన్నదల్లా పుప్పొడే. పైగా ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. ఆరు నుంచి ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి, రెండూ ఒకేసారి పూయాలి. ఆడ పువ్వులోనూ పుప్పొడి మోసే కేసరాలు నిండుగా ఉంటాయి, పొడి కూడా రాలుతుంది, కానీ ఆ రేణువులన్నీ డొల్లలు. అది చూసి ఇక మగ తీగ ఎందుకులే అనుకున్నవారికి పూతే మిగులుతుంది.

ఇప్పుడు ఈగ వైపు నుంచి చూడండి. పుప్పొడిని కాలికుండే బుట్టలాంటి గుంటలో ముద్ద చేయాలంటే తడి కావాలి. కివీ పువ్వు ఆ తడి ఇవ్వదు కనుక తేనెపట్టులోంచే కాస్త తేనె కడుపులో మోసుకు రావాలి. పక్కనే బోరేజ్ అనే నీలి పూల మొక్క పూసి ఉందనుకోండి, పీల్చిన కొద్ది నిమిషాలకే అది మళ్ళీ మకరందం ఊరించుకుంటుంది. ఇంక కివీ దగ్గరికి ఎందుకొస్తుంది? నష్టం కాయ సైజులో కనిపిస్తుంది. వంద గ్రాముల హేవార్డ్ రకం కివీ కాయలో సుమారు వెయ్యి గింజలుంటాయి. ప్రతి గింజకూ ఒక మంచి రేణువు అందాలి. గింజలు తగ్గితే కాయ చిన్నదవుతుంది, వంకర తిరుగుతుంది.

ఏ మొక్కకు ఏది స్నేహం, ఏది పగ అని చెప్పే జాబితాల్లో ఈ సంగతి ఉండదు. తోడు మొక్కను పూసే కాలం చూసి ఎంచుకోవాలి. నేలబారుగా పాకే తెల్ల క్లోవర్ మొక్క మంచిదే: నేలను కప్పుతుంది, దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా నత్రజనిని పట్టి ఇస్తుంది. కాకపోతే కివీ మొగ్గలు విచ్చకముందే దాన్ని పూలతో సహా కోసేయాలి. పూత రాలాక పెరగనివ్వండి. తేనె పెట్టెలను ఆడ పూలు పదింట ఒకటి విచ్చాక తేవాలి. ముందే తెస్తే ఈగలు వేరే పూల దారి మరుగుతాయి.

కివీ వేళ్ళు కండగా, పైపైనే ఉంటాయి. అందుకే తోడు మొక్కల కోసం పాదులో గునపం దించకూడదు, నీరు నిలవనీయకూడదు. లేత తీగ మొదలు చుట్టూ అర మీటరు మేర ఏమీ వేయకండి. కప్పిన ఆకుచెత్త కాండాన్ని తాకితే మొదలు కుళ్ళుతుంది.

ఈగలు అసలే రాకపోతే, అప్పుడే విచ్చిన మగ పువ్వును తుంచి, రెక్కలు తీసేసి, ఆడ పువ్వు నడుమ బండి చక్రం ఆకుల్లా పరుచుకున్న, పుప్పొడిని అందుకునే తెల్లని కీలాలన్నిటికీ తగిలేలా గుండ్రంగా రుద్దండి. ఒక మగ పువ్వు ఐదు ఆడ పూలకు సరిపోతుంది.