రోమ్‌లో నాలుగు రోజులు: చూడటం, తినడం గురించిన అపోహలు – వాస్తవాలు

యూరప్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలకు ప్రయాణ ప్రణాళికలు సిద్ధం చేయడం నా వృత్తి. వచ్చేవారిలో ఎక్కువ మంది మొదట అడిగేది రోమ్ గురించే. చూడవలసిన చోట్ల జాబితా వారి చేతిలో ఎప్పుడూ ఉంటుంది. ఏది ఏ వేళకు తెరుస్తారు, ఏది ఏ వారం మూస్తారు అన్న పట్టిక మాత్రం ఉండదు. రోమ్ నడిబొడ్డు పెద్దదేమీ కాదు, కాళ్లతోనే చుట్టి రావచ్చు. అక్కడ చిన్న ప్రయాణాన్ని పాడుచేసేది దూరం కాదు, వేళ తెలియకపోవడం. టికెట్లు విడుదలయ్యే రోజు, చర్చి తలుపు వేసే గంట, హోటల్ వంటగదిలో పొయ్యి ఆర్పే సమయం: ఈ మూడూ తెలిస్తే నాలుగు రోజులు నిండుగా గడుస్తాయి. నాకు తరచూ వినిపించే అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రోమ్‌కు ఒక్క రోజు చాలు, మిగతా రోజుల్లో ఇంకో మూడు దేశాలు చూడొచ్చు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. కొలోసియం, దాని పక్కనే ఉన్న రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కలిపి తీరిగ్గా చూస్తే సగం రోజు. వాటికన్ మ్యూజియాల్లో నడుస్తూ సిస్టీన్ చాపెల్ వరకు చేరి బయటకు రావడానికి కనీసం మూడు గంటలు. మ్యూజియాల ద్వారం సెయింట్ పీటర్స్ చౌరస్తాలో ఉండదు. వాటికన్ గోడ చుట్టూ తిరిగి ఉత్తరం వైపు వెళ్లాలి. ఆ నడక, తనిఖీ వరుస, తర్వాత సెయింట్ పీటర్స్ బసిలికా అన్నీ కలిస్తే అది ఇంకో రోజు. ఈ రెండింటినీ ఒకే రోజులో కుదించినవారికి మధ్యాహ్న భోజనం ఉండదు, సాయంత్రానికి ఓపిక ఉండదు. పైగా ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషన్‌కు పరుగెత్తడంతో ఒక పూట పోతుంది.

నేను నాలుగు రాత్రులకు తగ్గించను. ఇంకో ఊరు చూడాలన్న కోరిక బలంగా ఉంటే రోమ్‌లోనే బస ఉంచుకుని ఫ్లోరెన్స్‌కు ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. వేగంగా వెళ్లే రైలులో దాదాపు గంటన్నర ప్రయాణం.

అపోహ: టికెట్లు అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చు.

వాస్తవం: అన్నింటికీ ముందుగా కొననవసరం లేదు. కానీ మూడింటికి తప్పదు: కొలోసియం, వాటికన్ మ్యూజియాలు, బోర్గేసే గ్యాలరీ.

కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో సందర్శన తేదీకి 30 రోజుల ముందు విడుదలవుతాయి. సాధారణ టికెట్ 18 యూరోలు. ఫోరమ్, పాలటైన్ కూడా అందులోనే ఉంటాయి. 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే, అయినా వారికీ టికెట్ తీసుకోవాలి. నేను మరీ మరీ చెప్పేది పేరు గురించి. టికెట్ మీద పేరు ఉంటుంది, ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి వెనకుంటుంది, మరొకరికి ఒక్క అక్షరంగానే ఉంటుంది. ఇంట్లో పిలిచే పేరుతోనో, భర్త ఇంటిపేరు చేర్చో టికెట్ కొంటే ద్వారం దగ్గర వాదించుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని, అందులో ఎలా ఉందో అలాగే అక్షరం అక్షరం నింపండి.

బోర్గేసే గ్యాలరీలోకి రెండేసి గంటల విడతలుగా పంపుతారు. ముందస్తు బుకింగ్ లేనిదే ప్రవేశం ఉండదు, సోమవారం సెలవు. బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నీ శిల్పం అక్కడే ఉంది. గ్రీకు పురాణ కథలో అపోలో దేవుడు తరుముతుంటే డాఫ్నీ చెట్టుగా మారిపోతుంది. పరుగెత్తే అమ్మాయి వేళ్ల చివరల నుంచి పాలరాతి ఆకులు మొలుస్తుంటాయి, కాలి దగ్గర బెరడు పైకి ఎక్కుతుంటుంది. శిల్పం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరగండి. ఒక్కో అడుగుకు ఒక్కో ఆకు బయటపడుతుంది. నాలుగు రోజుల్లో ఒక్క మ్యూజియానికే వీలుందంటే నేను దీన్నే సూచిస్తాను.

కొలోసియం బయట "క్యూ లేకుండా పంపిస్తాం" అంటూ వెంటపడేవారు కనిపిస్తారు. టికెట్ వరుస తప్పవచ్చు కానీ భద్రతా తనిఖీ వరుస ఎవరికీ తప్పదు.

అపోహ: ఉచిత ప్రవేశం ఉన్న ఆదివారం వెళ్తే డబ్బు మిగులుతుంది.

వాస్తవం: నెలలో మొదటి ఆదివారం కొలోసియం సహా ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. నెలలో చివరి ఆదివారం వాటికన్ మ్యూజియాలు మధ్యాహ్నం వరకు ఉచితం. మిగతా ఆదివారాలు వాటికి సెలవు. ఆ ఉచితం కోసం ఊరు ఊరంతా కదిలి వస్తుంది. ఇంత ఖర్చుపెట్టి వెళ్లినవారు 20 యూరోల కోసం ఒక ఉదయమంతా వరుసలో నిలబడటం నాకు నచ్చదు. ఉన్నదే నాలుగు ఉదయాలు.

బుధవారం ఉదయం పోప్ బహిరంగ దర్శనం జరిగే రోజుల్లో సెయింట్ పీటర్స్‌లోకి మధ్యాహ్నం వరకు వెళ్లడం కష్టం. అందుకే వాటికన్‌కు మంగళవారమో గురువారమో పెడతాను. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. చీర, చుడీదార్ వేసుకునే మనవారికి ఇది ఇబ్బందే కాదు. షార్టులు వేసుకునే కుర్రవాళ్లకే ముందుగా చెప్పాలి.

అపోహ: గొప్ప కళ చూడాలంటే ప్రతిచోటా టికెట్ కొనాలి.

వాస్తవం: సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేసీ చర్చిలో కరవాజ్జో చిత్రాలు మూడు ఉన్నాయి. సాన్ పియెత్రో ఇన్ వింకోలీలో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం ఉంది. రెండు చోట్లా ప్రవేశం ఉచితం. అయితే ఇలాంటి చర్చిలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి మళ్లీ మూడు తర్వాతే తెరుస్తాయి. తలుపు వేసి ఉండటం చూసి వెనుదిరిగేవారంతా ఒంటిగంటకు వెళ్లినవారే. పాంథియాన్ అనే పురాతన రోమన్ ఆలయానికి మాత్రం 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు.

అపోహ: శాకాహారులకు ఇబ్బంది లేదు, చీజ్, కూరగాయల వంటకాలన్నీ శాకాహారమే.

వాస్తవం: నా పనిలో ఎక్కువ సమయం పట్టేది దీని దగ్గరే. ఎందుకంటే అసలు ప్రమాదం మాంసం కనిపించే పళ్లెంలో కాదు, కనిపించని పళ్లెంలో ఉంటుంది.

రోమ్‌కు పేరు తెచ్చిన పాస్తాలు నాలుగు: కాచో ఎ పెపే, గ్రీచా, కార్బొనారా, అమాత్రిచానా. మొదటిది తప్ప మిగతా మూడింటిలో గ్వాంచాలే అనే పంది దవడ మాంసం ఉంటుంది. అమాత్రిచానా ఎర్రటి టమాటా పాస్తాలాగే కనిపిస్తుంది, అందుకే ఎక్కువ మంది పొరబడతారు. మిగిలిన కాచో ఎ పెపేలో ఉండేది చీజ్, మిరియాలే. కానీ ఆ పెకొరీనో రొమానో చీజ్‌ను గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన ఎంజైమ్‌తోనే చేయాలన్నది దాని నియమం. పార్మిజానో చీజ్‌కు దూడది వాడతారు. కొందరు దీన్ని పట్టించుకోరు, కొందరికి ఇది ససేమిరా కుదరదు. నిర్ణయం వారిదే, కానీ తెలిసి తీసుకోవాలి కదా.

ఇక చేప. గుమ్మడి జాతి పువ్వులో మొజరెల్లా పెట్టి పిండిలో ముంచి వేయించే బజ్జీ ఒకటుంది, ఫియోరి ది జుక్కా అంటారు. బంగారు రంగులో కరకరలాడుతూ చూడగానే నోరూరిస్తుంది. లోపల చీజ్ పక్కన ఉప్పులో ఊరిన నెత్తల్లి ముక్క ఒకటి దాగి ఉంటుంది. పుంతరెల్లె అనే పచ్చి ఆకుకూర సలాడ్‌లోనూ అదే చేపను నూరి కలుపుతారు. సుప్లీ అనే అన్నం ఉండలో మాంసం కలిసిన సాస్ వాడటం పాత పద్ధతి. "వెజిటేరియన్" అన్న మాటతో ఆగకుండా "సెంత్సా కార్నె, సెంత్సా పెషె", అంటే మాంసం వద్దు, చేప వద్దు అని విడివిడిగా చెప్పండి. గుడ్డు తిననివారు అప్పటికప్పుడు చేసిన తాజా పాస్తా కాకుండా ఎండు స్పగెట్టీ అడగాలి. అందులో ఉండేది గోధుమ, నీళ్లే.

మరి ఏం తినాలి? చాలా ఉన్నాయి. పెన్నె ఆరాబ్బియాతా ఈ ప్రాంతపు వంటకమే: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. పైన చీజ్ చల్లవద్దని చెబితే చాలు. కారం లేక అల్లాడే మన నాలుకకు ఇది ప్రాణం పోస్తుంది. పిజ్జా మరినారాలో చీజే ఉండదు. యూదుల పాత పేటలో ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూరగాయను పువ్వులా విప్పి నూనెలో రెండుసార్లు వేయిస్తారు. బయటి రేకులు అప్పడంలా విరుగుతాయి, లోపలి గుండె వెన్నలా ఉంటుంది. శీతాకాలం చివర నుంచి వసంతం వరకు దాని రుతువు. పిజ్జాను పెద్ద పళ్లాల్లో కాల్చి, కత్తెరతో కోసి తూకానికి అమ్మే దుకాణాలు వీధివీధికీ ఉంటాయి. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంతే కోస్తారు. పిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే సుఖమైన భోజనం లేదు.

మాంసాహారులకు ఒక్క మాట. బోటీ కూర ఇష్టపడే తెలంగాణ, రాయలసీమ వారు తెస్తాచ్చో పేటకు వెళ్లండి. అక్కడి పాత కబేళా 1975 వరకు నడిచింది. పేగులు, పొట్ట, తోకలతో చేసే వంట ఆ పేటలోనే పేరుపొందింది. అక్కడ పొట్టను టమాటా, పుదీనాతో ఉడికించి వడ్డిస్తారు. కాకపోతే అది ఎక్కువగా ఎద్దుమాంసం. వద్దనుకునేవారు ముందే అడగాలి.

అపోహ: ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు హోటల్‌కు వెళ్లొచ్చు.

వాస్తవం: మంచి ట్రాటోరియాల్లో, అంటే ఇంటి తరహా చిన్న హోటళ్లలో, మధ్యాహ్న భోజనం దాదాపు పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు, రాత్రి భోజనం ఏడున్నర తర్వాతే. నాలుగింటికి తెరిచి ఉండి, గుమ్మంలో నిలబడి పిలిచేది, రంగుల ఫొటోలతో మెనూ పెట్టేది పర్యాటకుల కోసమే నడిచే హోటల్. అక్కడి భోజనం చూసి రోమ్ వంటను అంచనా వేయకండి. చిన్నపిల్లలు, పెద్దవారు ఉంటే మధ్యాహ్నం పూటనే అసలు భోజనంగా పెట్టుకోండి, రాత్రికి పిజ్జా ముక్కతో సరిపెట్టవచ్చు. ఇటలీలో ఆగస్టు 15న వచ్చే పండుగకు ముందూ వెనకా చాలా కుటుంబ హోటళ్లు మూసేసి యజమానులు సెలవుకు వెళ్తారు.

బిల్లులో రొట్టెకు డబ్బు వేస్తే మోసం అనుకోవద్దు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో కూర్చున్నందుకు రుసుము వేయడాన్ని 2006 నాటి చట్టం నిషేధించింది. రొట్టెకు మాత్రం వేయవచ్చు. అక్కర్లేదనుకుంటే తేగానే వద్దని చెప్పండి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. ప్రసిద్ధ చౌరస్తాల్లో ఆ తేడా రెండు మూడు రెట్లు ఉంటుంది.

జెలాటో, అంటే ఇటలీ ఐస్‌క్రీమ్, కొనేటప్పుడు పిస్తా రంగు చూడండి. మెరిసే ఆకుపచ్చ అయితే అది రంగు మహిమ. అసలు పిస్తాది మట్టి కలిసిన ఆకుపచ్చ. కొండలా పేర్చి అలంకరించిన చోట కాకుండా, మూతపెట్టిన స్టీలు గిన్నెల్లో ఉంచే చోట కొనండి.

అపోహ: నీళ్ల సీసాలు కొంటూనే ఉండాలి.

వాస్తవం: ఊరంతా సుమారు 2,500 ఇనుప కుళాయిలు రోజంతా పారుతుంటాయి. వంగిన గొట్టం చివర వేలితో మూయండి. పైనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు నోటికి అందేలా పైకి చిమ్ముతాయి. చల్లని మంచినీళ్లు. ఖాళీ సీసా ఒకటి సంచిలో ఉంటే చాలు.

అపోహ: ఊరి బయట, మెట్రో దగ్గర చవక గది తీసుకుంటే మంచిది.

వాస్తవం: భూమిలో ఎక్కడ తవ్వినా పాత కట్టడాలే బయటపడే ఊరు కాబట్టి మెట్రో పాత నగరం నడిమధ్యకు పెద్దగా వెళ్లదు. పాంథియాన్, నవోనా చౌరస్తా, ట్రాస్తేవెరే దగ్గర మెట్రో స్టేషన్లు లేవు. మోంతీ పేటలోనో, తెర్మినీ రైల్వే స్టేషన్‌కు నడక దూరంలోనో గది తీసుకుంటే మధ్యాహ్నం చర్చిలు మూసిన వేళ వెనక్కి వచ్చి నడుం వాల్చవచ్చు. గది అద్దె కాకుండా ఊరి పన్ను అదనం: మూడు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగు నక్షత్రాలైతే 7.50. పదేళ్ల లోపు పిల్లలకు ఉండదు. ఊరంతా రాళ్లు పరిచిన వీధులు. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి.

అపోహ: విమానం ఏ దేశంలో దిగితే ఆ దేశం వీసానే తీసుకోవాలి.

వాస్తవం: యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లేది షెంజెన్ అనే ఒకే వీసా. దానికి ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్క. పెద్దవారికి రుసుము 90 యూరోలు, ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వేసవి సెలవులకు వెళ్లేవారు అపాయింట్‌మెంట్ కోసం ఆఖరి నెల దాకా ఆగకూడదు.

అపోహ: ఇంటి తిండి ఏదైనా పెట్టెలో పెట్టుకుని వెళ్లొచ్చు.

వాస్తవం: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా కుదరవు. నేతి పూతరేకులూ ఇంట్లోనే ఉంచండి. తాజా కరివేపాకు, పచ్చిమిర్చి లాంటివి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అనుమతించరు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పొడి తీసుకెళ్లండి, గట్టిగా సీలు వేసి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. నూనె ఉన్న పచ్చడిని చేతి సంచిలో ఉంచితే విమానాశ్రయం తనిఖీలోనే తీసేస్తారు. అక్కడికి వెళ్లాక తాజా మిరపకాయలు, మసాలాలు కావాలంటే తెర్మినీ దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌లో దొరుకుతాయి. ఉదయం పూట వెళ్లండి. ఆదివారం మూసి ఉంటుంది.