రామచిలుకకు నిషేధం, మకావ్‌కు రిజిస్ట్రేషన్

చిలక జోస్యం చెప్పేవాళ్లు ఎందుకు తగ్గిపోయారంటే కాలం మారిందంటారు చాలామంది. చట్టమూ మారింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి మన అడవి పక్షుల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరంగా మార్చాయి. రామచిలుక, మైనా, మునియా అన్నీ అందులోకే వస్తాయి. కలిసొస్తుందని ఇంట్లో పెట్టుకునే నక్షత్ర తాబేలు కూడా అంతే. రెక్కలు కత్తిరించిన జోస్యం చిలకల బతుకు చూసినవాళ్లెవరూ ఈ నిషేధాన్ని తప్పుపట్టలేరు.

అయితే ఆ చట్టం రాసింది ఈ దేశపు జీవుల కోసం. పరదేశపు జంతువులు దాని జాబితాల్లో దాదాపుగా లేవు. వాటి వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం 1973లో కుదిరింది, భారత్ 1976లో చేరింది. కానీ అది పర్మిట్ అడిగేది సరిహద్దు దగ్గరే. ఎలాగోలా లోపలికి వచ్చేసిన జంతువు ఎవరింట్లో ఉందో అడిగే నిబంధన దశాబ్దాల పాటు లేదు. మకావ్‌లనే పెద్ద రంగురంగుల చిలకలు, ఇగువానాలనే పెద్ద బల్లులు, బాల్ పైథాన్లనే కొండచిలువలు, మార్మోసెట్లనే చిన్న కోతులు ఈ సందులోంచే మన నగరాలకు చేరాయి. బ్యాంకాక్ నుంచి చెన్నైకి వచ్చిన సూట్‌కేసుల్లో బతికున్న పాములు, కోతిపిల్లలు దొరికాయన్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఈ సరదాకు అసలు మూల్యం ఎక్కడో అడవుల్లో పడుతుంది. ఆఫ్రికన్ గ్రే చిలుకనే తీసుకోండి. మాటల్ని అచ్చంగా అనుకరిస్తుందని ప్రపంచమంతా ఎగబడి కొన్నది. 1975 తర్వాత నాలుగు దశాబ్దాల్లో పది లక్షలకు పైగా పక్షుల్ని అడవుల్లో పట్టి ఎగుమతి చేశారు. దారిలో చచ్చినవి ఈ లెక్కలోకి రావు. ఘనాలో 1992 నుంచి వీటి సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ సమావేశం వీటిని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. గుంపుల్లో బతికే పక్షి ఇది. పంజరంలో ఒంటరిగా ఉంటే తన ఈకల్ని తానే పీక్కుంటుంది. అలా నలభై యాభై ఏళ్లు బతకగలదు కూడా.

మన ప్రభుత్వం 2020 జూన్‌లో ఒక అవకాశమిచ్చింది. పరదేశపు జీవులున్నవాళ్లు ఆరు నెలల్లో స్వచ్ఛందంగా చెబితే, ఎలా వచ్చాయో పత్రాలు అడగబోమంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జీవుల్ని దాని నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. 2024 నిబంధనలతో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో వాటి రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. రోడ్డు పక్క జోస్యగాడి చిలకను అటవీ సిబ్బంది పట్టుకెళ్లారు. లక్షలు పెట్టి మకావ్ కొన్నాయనకు మాత్రం సర్టిఫికెట్ దొరుకుతోంది. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

పైగా ఈ రిజిస్ట్రేషన్ వర్తించేది సైటీస్ జాబితాలో ఉన్నవాటికే. చెట్టు నుంచి చెట్టుకు తేలుతూ, రాత్రిపూట గుంపుగా తిరిగే షుగర్ గ్లైడర్ అనే చిన్న క్షీరదం ఆ జాబితాలో లేదు. దాన్ని చిన్న బోనులో ఒంటరిగా పెట్టినా ఈ నిబంధనలకు పట్టదు.

బెల్జియం 2009లో క్షీరదాల విషయంలో పద్ధతి మార్చింది. పెంచుకోదగ్గవాటి జాబితా ప్రకటించి, అందులో లేనివాటిని మామూలు ఇళ్లలో ఉంచనివ్వడం లేదు. నెదర్లాండ్స్ కూడా 2024 జులై నుంచి 30 క్షీరదాలతో అలాంటి జాబితానే అమలు చేస్తోంది. ఆ జంతువు ఇంట్లో సుఖంగా బతకగలదా అన్నది అక్కడ ముందే తేల్చుకుంటారు. మన దరఖాస్తు మాత్రం యజమాని వివరాలు, జంతువు ఎలా వచ్చిందన్న పత్రాల చుట్టూనే తిరుగుతోంది.