ఎన్ని బాటిళ్లు ఎక్కించాలి?

విశాఖపట్నంలో ఏ ఆస్పత్రి క్యాజువాలిటీ ముందైనా రోగి బంధువులు 'ఎన్ని బాటిళ్లు ఎక్కించారు?' అని అడగడం వినిపిస్తుంది. పాడేరు, అరకు వైపు నుంచి కింగ్ జార్జ్ ఆస్పత్రి(కేజీహెచ్)కి తెచ్చే రోగికి దారిలోనే ఒకటో రెండో సెలైన్ బాటిళ్లు పూర్తయి ఉండవచ్చు కనుక, వైద్యులకు కూడా ఆ లెక్క అవసరమే.

ఈ లెక్క కలరాతో మొదలైంది. 1831లో బ్రిటన్‌లో కలరా రోగుల రక్తాన్ని పరీక్షించిన వైద్యుడు ఓషానెసీ, అందులో నీరు, లవణాలు బాగా తగ్గిపోయాయని గుర్తించాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లాట్టా అనే వైద్యుడు, చావుకు దగ్గరైన ఒక వృద్ధురాలికి అరగంటలో ఆరు పింట్లు, అంటే సుమారు మూడు లీటర్ల ఉప్పునీరు నరంలోకి ఎక్కించగా ఆమె తేరుకుని మాట్లాడింది. ఆయన వెళ్లిపోయాక విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ ఎక్కించేవారు లేక కొన్ని గంటల్లోనే ఆమె మరణించింది. ఎంత ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అనే రెండు ప్రశ్నలూ ఆ ఒక్క మంచం దగ్గరే పుట్టాయనవచ్చు.

తర్వాత రింగర్, 1930లలో హార్ట్‌మన్ అనే వైద్యులు ఈ ఉప్పునీటి ద్రావణాలను మెరుగుపరిచారు. నేటికీ విరివిగా వాడే నార్మల్ సెలైన్ మాత్రం పేరుకే నార్మల్: లీటరుకు క్లోరైడ్ 154 మిల్లీమోల్స్ ఉంటుంది, మన రక్తంలో దాదాపు 100 మాత్రమే.

2001లో డెట్రాయిట్‌లో రివర్స్ బృందం, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) రోగులకు తొలి ఆరు గంటల్లోనే ధారాళంగా ద్రవాలిచ్చి చేసిన చికిత్సతో మరణాలు తగ్గాయని చూపడంతో బాటిళ్ల వేగం పెరిగింది. కిలోకు 30 మిల్లీలీటర్ల సూత్రం స్థిరపడింది. 60 కిలోల మనిషికి అది 1,800 మిల్లీలీటర్లు. కానీ 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో షాక్ (అవయవాలకు రక్తప్రసరణ చాలని స్థితి) లక్షణాలున్న మూడు వేలకు పైగా పిల్లలపై జరిగిన ఫీస్ట్ అధ్యయనంలో, వేగంగా ద్రవాలిచ్చిన వారిలో 48 గంటల మరణాలు సుమారు 10.5 శాతం కాగా, అలా ఇవ్వని వారిలో 7.3 శాతమే. ఐసీయూ లేని చోటి ఫలితాన్ని అంతటికీ వర్తింపజేయలేమన్న అభ్యంతరంలో కొంత న్యాయముంది. అయితే వెంటిలేటర్ దొరకని ఏజెన్సీ ఆస్పత్రికి ఆ ఫలితమే దగ్గర. 2021 నాటికి అంతర్జాతీయ మార్గదర్శకాలు 30 మిల్లీలీటర్ల సిఫారసును బలహీనమైనదిగా మార్చాయి.

వానాకాలం డెంగీలో ఇదంతా కళ్లెదుటే కనిపిస్తుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారే ఒకటి రెండు రోజులు ద్రవాలే ప్రాణాధారం. ఆ తర్వాత కారిన నీరంతా తిరిగి రక్తంలోకి చేరేటప్పుడు ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చి ఆయాసం మొదలవుతుంది. అందుకే బీపీ నిలబడి, రక్తంలో హెమటోక్రిట్ (ఎర్రకణాల శాతం) దిగుతుండగా నర్సు సెలైన్ ఆపేస్తుంది. వైద్యమే ఆపేశారని బంధువులు కంగారుపడేది అప్పుడే. మంచం పక్కన మూత్రం బ్యాగు మాత్రం గబగబా నిండుతూ ఉంటుంది.