గ్వాటెమాలా బడుల్లో అద్దె పుస్తకాలు: ఒక రోటరీ ప్రాజెక్టు వెనుక కథ

1990లలో మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో, కొండ ఊళ్ల హైస్కూళ్లలో పాఠ్యపుస్తకం ఉంటే గింటే టీచరు దగ్గరే ఉండేది. అందులోది ఆయన బోర్డు మీద రాస్తే పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్లు. బోర్డు నిండగానే తుడిచి మళ్లీ మొదలుపెట్టడమే. పీరియడంతా రాతకే సరిపోతే ఇక అర్థం చేసుకునే టైమెక్కడ? బోర్డు మీద ఒక అంకె తప్పు పడిందంటే అది క్లాసులో అందరి నోటుబుక్కుల్లోకీ దిగిపోతుంది. సరిచూసుకుందామంటే పిల్లల దగ్గర పుస్తకం లేదాయె.

ఈ పరిస్థితి వెనుక 36 ఏళ్ల అంతర్యుద్ధం ఉంది. 1960లో మొదలై 1996 డిసెంబరు 29న శాంతి ఒప్పందంతో ముగిసింది. చనిపోయినవాళ్లూ ఆచూకీ లేకుండా పోయినవాళ్లూ కలిపి రెండు లక్షల పైనే అని అంచనా. వాళ్లలో ఎక్కువమంది అక్కడి మూలవాసులైన మాయా ప్రజలు. వాళ్లుండే కొండ జిల్లాల్లోనే బడులు అన్నిటికన్నా వెనకబడి ఉండేవి.

ఆ రోజుల్లో అమెరికాలోని సిన్సినాటి నుంచి జెఫ్ బెర్నింజర్ అనే అతను అక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లాడు. పుస్తకాల్లేని క్లాసు చూసి వచ్చాక, సోదరుడు జోతో కలిసి 'కోఆపరేటివ్ ఫర్ ఎడ్యుకేషన్' అనే సంస్థ పెట్టాడు. 1997లో రోటరీ క్లబ్బులు వీళ్లతో చేతులు కలిపాయి. దాని పేరే గ్వాటెమాలా లిటరసీ ప్రాజెక్టు. అప్పటినుంచీ కొన్ని వందల క్లబ్బులు అందులో డబ్బు పెట్టాయి.

వీళ్ల పద్ధతి సులువే. లెక్కలు, సైన్సు, సోషల్, స్పానిష్ పుస్తకాల మొదటి సెట్టుకి ఖర్చు దాతలది. పిల్లలు మాత్రం వాటిని ఉచితంగా వాడుకోరు, ఏటా కొద్దిపాటి అద్దె కడతారు. ఆ డబ్బు బడి పేరున ఒక నిధిలో జమవుతుంది. ఐదేళ్లకి పుస్తకాల అట్టలు ఊడి పేజీలు నలిగేసరికి, కొత్త సెట్టు కొనడానికి సరిపడా డబ్బు అందులో ఉంటుంది. మళ్లీ దాతల గుమ్మం తొక్కే పని లేదు. మన ఊళ్లలో నవలలు అద్దెకిచ్చిన కొట్లు గుర్తున్నవాళ్లకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ లాభం కొట్టువాడి జేబులోకి కాకుండా తర్వాతి బ్యాచి పిల్లల పుస్తకాల్లోకి వెళుతుంది.

పేదపిల్లల దగ్గర అద్దె వసూలు చేయడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మొదట నాకూ అలాగే అనిపించింది. అంతకుముందు పుస్తకదానం ఎలా నడిచిందో చూస్తే గానీ సంగతి బోధపడదు.

1954లో బహమాస్ గవర్నరు భార్య లేడీ రాన్‌ఫర్లీ, అక్కడి పిల్లలకి చదవడానికేమీ లేదని బ్రిటన్ నుంచి పుస్తకాలు తెప్పించడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఏషియా ఫౌండేషన్ అమెరికా నుంచి ఆసియా దేశాలకి పుస్తకాలు పంపడం ప్రారంభించింది. తర్వాత ఇదే బాటలో సేవా క్లబ్బులు కూడా కంటైనర్లు నింపి పంపాయి. ఉద్దేశం మంచిదే. చిక్కల్లా పుస్తకాల ఎంపికలో ఉంది. ఇచ్చేవాళ్లకి అక్కర్లేనిది పెట్టెలోకి వెళుతుంది, తీసుకునేవాళ్లకి కావలసింది అందులో ఉండాలని లేదు. ఓడ ఖర్చు, కస్టమ్స్ తలనొప్పి వేరే. రాన్‌ఫర్లీ మొదలుపెట్టిన సంస్థే 1994లో బుక్ ఎయిడ్ ఇంటర్నేషనల్‌గా పేరు మార్చుకుంది. ఇప్పుడు అది ప్రచురణకర్తలిచ్చే కొత్త పుస్తకాలనే పంపుతోంది.

మా ఊరి లైబ్రరీలో కూడా ఒక గాజు బీరువా ఉండేది. ఏదో క్లబ్బు వాళ్లు ఫొటో దిగి మరీ ఇచ్చి వెళ్లారు. నిండా లావుపాటి ఇంగ్లీషు సంపుటాలు. మాసిపోతాయని తాళం వేసేవాళ్లు. నా చదువు పూర్తయ్యేదాకా ఆ తాళం తియ్యగా నేను చూడలేదు. పక్క బల్ల మీద వారపత్రికల కోసం మాత్రం రోజూ పోట్లాటే.

రోటరీ అయినా మొదటినుంచీ చదువు కోసం పుట్టింది కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి పెట్టుకున్న స్నేహితుల కూటమి అది. ఊరికి చేసిన తొలి సేవల్లో ఒకటి పబ్లిక్ టాయిలెట్లు కట్టించడం! 1917లో మొదలైన విరాళ నిధికి తొలి జమ 26 డాలర్ల 50 సెంట్లు. 1960లలో ఆ నిధి నుంచి మ్యాచింగ్ గ్రాంట్లు వచ్చాయి. అంటే క్లబ్బులు కొంత వేస్తే ఆ నిధిని నడిపే రోటరీ ఫౌండేషన్ కొంత కలిపేది. ఇప్పటి గ్లోబల్ గ్రాంటు కావాలంటే ప్రాజెక్టు జరిగే దేశంలో ఒక క్లబ్బు, బయటి దేశంలో ఒక క్లబ్బు కలిసి అడగాలి. మొత్తం బడ్జెట్టు 30,000 డాలర్లకి తగ్గకూడదు. గ్రాంటు డబ్బు అయిపోయాక పని ఎలా సాగుతుందో ముందే చూపించాలి. దానికి అద్దె నిధి సరిగ్గా అతికినట్టు సరిపోతుంది.

అద్దె పుస్తకాలతో అన్నీ తీరిపోలేదు. గ్వాటెమాలాలో ఇరవై పైచిలుకు మాయా భాషలున్నాయి. ఇంట్లో కిచే, కక్చికెల్ లాంటివి మాట్లాడే పిల్లవాడు బడికొచ్చి స్పానిష్ పుస్తకం తెరుస్తాడు. చిన్న క్లాసుల్లో ఆ భాషలో కూడబలుక్కుని చదవడమే రాకపోతే, హైస్కూల్లో సైన్సు పుస్తకం చేతికిచ్చి ఏం లాభం? అందుకే తర్వాత ప్రైమరీ టీచర్లకి చదివించే పద్ధతుల్లో శిక్షణ, చిన్నపిల్లలకి కథల పుస్తకాలు కూడా ఈ ప్రాజెక్టులో చేరాయి. కంప్యూటర్ గదులు వచ్చాయి. అద్దె సంగతి అలా ఉంచి అసలు బడికి పంపడమే కష్టమైన ఇళ్ల పిల్లలకి స్కాలర్‌షిప్పులు విడిగా ఇస్తున్నారు.