చైనా సాఫ్ట్ పవర్: మా క్లాసులో ఏటా వినపడే అపోహలు

అమలాపురంలో డిగ్రీ పిల్లలకి, గ్రూప్స్ రాసేవాళ్ళకి అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. సాఫ్ట్ పవర్ అంటే బెదిరించకుండా, డబ్బు ఆశ చూపకుండా, ఆకర్షణతోనే ఎదుటి దేశాన్ని తనవైపు తిప్పుకునే శక్తి. చైనా పాఠం వచ్చేసరికి దీనిమీద ఏటా ఇవే మాటలు.

అపోహ: చైనా సరుకు వచ్చిందంటే చైనా పలుకుబడి కూడా వచ్చినట్టే.

వాస్తవం: నూడుల్స్ బండి దగ్గర చైనా కంపెనీ ఫోన్ చూసుకుంటూ నిలబడే కుర్రాళ్ళే, 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాత కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధిస్తే చప్పట్లు కొట్టారు. (ఆ నూడుల్స్‌లో చైనా ఎంత, మన మసాలా ఎంత అన్నది వేరే చర్చ.) 1990లో సాఫ్ట్ పవర్ అన్న పేరుపెట్టిన అమెరికన్ ప్రొఫెసర్ జోసెఫ్ నై లెక్కలో సంస్కృతి ఒక్కటే చాలదు. ఆ దేశం పాటించే రాజకీయ విలువలు, విదేశాంగ విధానం కూడా ఎదుటివాళ్ళకి నచ్చాలి.

అపోహ: డబ్బు గుమ్మరిస్తే ఇష్టం అదే పుడుతుంది.

వాస్తవం: సంక్రాంతికి కొత్త అల్లుడికి ఎన్ని రకాలు వడ్డించినా, అతను మాట వింటాడన్న గ్యారంటీ మా జిల్లాలో ఎవరూ ఇవ్వరు. చైనీస్ భాష నేర్పే కన్‌ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు 2004లో సియోల్‌లో మొదలయ్యాయి. అమెరికాలో ఒకప్పుడు వందకు పైగా ఉండేవి, 2023 నాటికి ఐదు కూడా మిగల్లేదు. భాష నేర్పడం మీద ఎవరికీ పేచీ లేదు. ఆ నిధులు తీసుకున్న యూనివర్సిటీలో తైవాన్, టిబెట్ మాట ఎత్తడానికి జంకుతారేమోనన్న అనుమానమే కొంప ముంచింది. ఈ ఇన్‌స్టిట్యూట్ ఉన్న యూనివర్సిటీకి రక్షణశాఖ చైనీస్ భాషా నిధులు ఇవ్వకూడదని 2018లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేశాక మూతలు ఊపందుకున్నాయి. స్వీడన్ 2020కల్లా అన్నిటినీ మూసేసింది.

అపోహ: శ్రీలంకలో చైనా చేతికొచ్చిన హంబన్‌టోట రేవు సాఫ్ట్ పవర్‌కి ఉదాహరణ.

వాస్తవం: కాదు. 2017 నాటి ఆ 99 ఏళ్ళ లీజు ఆర్థిక బలం. పరీక్షలో ఈ రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

అపోహ: అయితే చైనా ఓడిపోయినట్టే.

వాస్తవం: పడమటి దేశాల నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. 2016లో థాయ్‌లాండ్‌లో మొదలై ఆఫ్రికా దాకా వెళ్ళిన చైనా వృత్తి శిక్షణ కేంద్రాలు, లూబాన్ వర్క్‌షాపులు, యువతకు చేతిపని నేర్పుతున్నాయి. నా దృష్టిలో భాషా కేంద్రాలకన్నా ఇవే గట్టి పెట్టుబడి. ఇతర దేశాలవాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే ఐటెక్ (ITEC) శిక్షణ 1964 నుంచీ ఇదే బాటలో ఉంది. యోగా దినోత్సవం మీద ఉన్న మోజులో పదో వంతు కూడా దానిమీద లేదు.

అపోహ: ప్రభుత్వం మీద కోపం వస్తే ఆకర్షణ పోతుంది.

వాస్తవం: 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరం వైపు రొయ్యల రైతులు ట్రంప్‌ని తిట్టని రోజు లేదు. అలాంటి ఇళ్ళలోనే అబ్బాయి ఎమ్మెస్ వీసా కోసం మొక్కుకున్నారు. చైనాకి మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లలూ ఉన్నారు. ఎందుకెళ్ళారని అడిగితే ముందు చెప్పేది, ఫీజు తక్కువని.